వేసవి సాయంత్రం చుట్టా, సిగారూ: రుచిని మన మాటల్లో ఎలా చెప్తారు?

లంకవాసి · మే 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. సెలవు పెట్టి ఊరొచ్చాను. మాది ధవళేశ్వరం దిగువన గోదావరి పాయల మధ్య ఒక లంక. ఎండ దెబ్బకి పగలంతా గడప దాటలేదు. ఐదున్నరకి అమ్మ వాకిట్లో నీళ్ళు చల్లింది, ఆరయ్యేసరికి పైరగాలి తిరిగింది. వేపచెట్టు కింద నులక మంచం వాల్చుకుని, హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న సిగార్ ఒకటి వెలిగించాను. నికరాగ్వాది, రొబస్టో సైజు. అంటే 5 అంగుళాల పొడవు, 50 రింగు మందం. రింగు అంటే అంగుళంలో 64వ వంతు.

గంటసేపు కాల్చాను. ప్రాణం హాయిగా ఉంది. పక్కన కూర్చున్న మా బాబాయి "ఎలా ఉందిరా?" అన్నాడు. "బాగుంది" అన్నాను. "బాగుంది అంటే? కారమా, వగరా, చేదా? కమ్మగా ఉందా?" అని మళ్ళీ అడిగాడు. రివ్యూల్లో చదివిన సెడార్, లెదర్, కోకో లాంటి మాటలు నోటిదాకా వచ్చాయి. కానీ అవి బాబాయికి చెప్తే ఏం అర్థమవుతుంది? ఆయన నలభై ఏళ్ళ నుంచి లంక చుట్ట కాలుస్తున్న మనిషి. పొగాకు గురించి నాకంటే ఆయన నాలుకకే ఎక్కువ తెలుసు, నాకు మాత్రం ఆయనకి చెప్పడానికి మాట దొరకలేదు.

అందుకే అడుగుతున్నాను. మీరు రుచి ఎలా పట్టుకుంటారు? దాన్ని మన మాటల్లో ఎలా చెప్తారు?

డాలస్_వరండా · మే 18, రాత్రి 11:15

మంచి ప్రశ్న అన్నా. ఇక్కడ ఇప్పుడు రాత్రి 8:20 దాకా పొద్దు కుంకదు. పిల్లలు పడుకున్నాక వెనక వరండాలోకి వస్తే అప్పటికి వేడి కాస్త తగ్గుతుంది. వారానికి ఒకటి, శనివారం మాత్రమే. అందుకే దాన్ని తొందరపెట్టను.

నేను చేసేది చెప్తాను. ముందు ముట్టించకుండానే వాసన చూస్తాను, కాలే వైపు ఒకసారి, పొడవునా ఒకసారి. తర్వాత మూతి దగ్గర టోపీలా అతికించిన చిన్న ఆకు ముక్క ఉంటుంది కదా, దాన్ని సన్నగా కోసి ఉత్త దమ్ము ఒకటి లాగుతాను. నిప్పు లేని ఆ గాల్లోనే ఎండుగడ్డి, కిస్‌మిస్ లాంటి తీపి తెలుస్తాయి. చాలామంది ఈ ఒక్క నిమిషం వదిలేస్తారు.

వెలిగించేటప్పుడు మంటని ఆకుకి తగలనివ్వను. కొంచెం దూరంగా పట్టి, తిప్పుతూ, అంచంతా ఎర్రబడేదాకా ఆగుతాను. అగ్గిపుల్ల అయితే గంధకం వాసన పోయేదాకా ఆగాలి. పెట్రోల్ లైటర్ అసలు వద్దు, ఆ కంపు చివరిదాకా వదలదు.

ఆ తర్వాత నిమిషానికి ఒక దమ్ము. అంతకన్నా త్వరగా లాగితే లోపల వేడెక్కి చేదు దిగుతుంది. ఎండాకాలం గాలి ఉన్నప్పుడు అది దానంతట అదే తొందరగా కాలుతుంది కాబట్టి ఇంకా నెమ్మది కావాలి. పొగ లోపలికి మింగను. నోట్లో నిలిపి, నాలుక మీద తిప్పి వదులుతాను. నాలుగైదు దమ్ములకి ఒకసారి కొంచెం ముక్కులోంచి వదులుతాను. కారం అంతా అక్కడే తెలుస్తుంది.

మాటల సంగతికి వస్తే, నేనూ నీలాగే ఇంగ్లీషు మాటలతోనే సరిపెట్టుకున్నాను. ఈ చర్చ చదివాక ఇప్పుడు వరండాలో కూర్చుని ఆలోచిస్తున్నాను.

పొగాకు_మాస్టారు · మే 19, ఉదయం 6:05

లంకవాసి గారూ, మీ ఊరి పేరు చెప్పకపోయినా మీరు చెప్తున్న నేల నాకు తెలుసు. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చాలా ఏళ్ళు ఆ లంకల్లోనే తిరిగాను.

రుచి కాల్చేవాడి నోట్లో పుట్టదు, చేలో పుడుతుంది. వరద తీసి ఒండ్రు ఆరాక అక్టోబరు, నవంబరుల్లో నారు నాటుతారు. పూత రాగానే తల తుంచుతారు, పిలకలు తీస్తారు. దాంతో బలమంతా ఆకుకి ఎక్కి మందంగా, ఘాటుగా తయారవుతుంది. అడుగాకు పల్చన, మెత్తన. పై ఆకుకి ఎండ ఎక్కువ, ఘాటూ ఎక్కువ. క్యూబా వాళ్ళు ఇదే విషయానికి మూడు పేర్లు పెట్టుకున్నారు. కింది ఆకు వొలాడో, చక్కగా మండడానికి. మధ్యది సెకో, వాసనకి. పైది లిహెరో, బలానికి. మూడూ కలిపి లోపల పెడతారు, దాని మీద పట్టు ఆకు, ఆ పైన నునుపైన పై చుట్టు. మన చుట్టలో ఇంత అమరిక ఉండదు. రెండు వైపులా తెరిచి ఉంటుంది, టోపీ ఉండదు. కానీ ఏ ఆకు లోపల వేయాలి, ఏది పైకి చుట్టాలి అన్నది మన ఊళ్ళో చుట్టలు చుట్టే ఆడవాళ్ళ వేళ్ళకి తెలుసు.

ఇంకో సంగతి, దీన్ని గుర్తు పెట్టుకోండి. ఉప్పు నీళ్ళు తాగిన పొగాకు మండదు. ఆకులో క్లోరైడ్ ఎక్కువైతే చుట్ట మాటిమాటికీ ఆరిపోతుంది. పొటాష్ ఉంటే నిప్పు నిలుస్తుంది. సముద్రం దగ్గర ఉప్పు నుయ్యి నీళ్ళు పెట్టిన ఆకుకీ, గోదావరి ఒండ్రులో పెరిగిన ఆకుకీ తేడా ఇక్కడే. చుట్ట పదేపదే ముట్టించుకోవలసి వస్తుంటే ప్రతిసారీ తప్పు చుట్టినవాళ్ళది కాదు.

ఇక మండె. ఆకుని తోరణాలు కట్టి ఆరబెట్టాక గుట్టగా పేర్చి బరువు పెడతారు. లోపల వేడి పుడుతుంది. మండె మధ్యలో చెయ్యి పెడితే తట్టుకోలేరు. అప్పుడు విప్పి, లోపలివి బయటికి, బయటివి లోపలికి తిరగేసి మళ్ళీ కడతారు. ఆ వేడిలో అమ్మోనియా ఘాటు పోయి, పచ్చి వాసన పోయి, ఆకు నలుపు తిరుగుతుంది. క్యూబాలోని పినార్ దెల్ రియోలో కూడా ఆకుని ఇలాగే పేర్చి మాగబెడతారు. ముక్కుపచ్చలారని ఆకుతో చుట్టినదాన్ని ఎంత నిదానంగా కాల్చినా గొంతు పట్టుకుంటుంది.

ఒంగోలు వైపు బ్యారన్లలో వేడి గాలితో పసుపు తేల్చే వర్జీనియా వేరే దారి. అది సిగరెట్‌కి. దానిలో చక్కెర మిగులుతుంది, దాని పొగ పులుపు గుణం కలది, అందుకే మింగితే తప్ప నికోటిన్ ఎక్కదు. చుట్టాకు, సిగారాకు పొగ క్షార గుణం కలది. నోట్లో ఉంచుకున్నా చాలు, బుగ్గల లోపలి నుంచే ఎక్కుతుంది. మింగకుండా కాల్చడం ఉత్త మర్యాద కాదు, ఆకు స్వభావమే అది.

కొత్తగా_వచ్చా · మే 19, ఉదయం 10:30

మాస్టారూ, మీ చివరి పేరా చదివాక నాకు జరిగింది అర్థమైంది. పోయిన నెల ఫ్రెండ్ పెళ్ళిలో మొదటిసారి సిగార్ కాల్చాను. మింగలేదు. అయినా అరగంటకి చెమటలు పట్టి, తల తిరిగి, కుర్చీలోంచి లేవలేకపోయాను. చాలా టెన్షన్ పడ్డాను. ఎందుకలా?

డాలస్_వరండా · మే 19, ఉదయం 10:52

తమ్ముడూ, భోజనం చేశావా ముందు?

కొత్తగా_వచ్చా · మే 19, ఉదయం 10:55

లేదన్నా. బఫే ఇంకా తెరవలేదు. పైగా ఆరిపోతుందేమోనని ఆపకుండా లాగాను.

లంకవాసి · మే 19, మధ్యాహ్నం 1:20

అదే కారణం. ఖాళీ కడుపు, తొందర, రెండూ కలిశాయి. మా తాతయ్య దగ్గర చుట్టల డబ్బాలోనే బెల్లం ముక్కలు ఉండేవి. తల తిరిగినవాడికి చుట్ట పక్కన పెట్టించి, బెల్లం నోట్లో వేసి, మంచినీళ్ళు ఇచ్చి పడుకోబెట్టేవాడు. ఆరిపోతే సిగ్గేం లేదు. నుసి దులిపి మళ్ళీ ముట్టించుకోవచ్చు.

తాతయ్య సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఆయన చుట్టని చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళ మధ్య మెల్లగా నలిపేవాడు. చిటపటమంటే "ఎండిపోయింది" అని పక్కన పెట్టేవాడు. చప్పుడు లేకపోతే "మరీ పచ్చిగా ఉంది" అనేవాడు. ఆకు తడి ఒరుసుకున్నట్టు సన్నగా, అంటీ అంటనట్టు వినిపిస్తేనే పదునుకొచ్చినట్టు. అప్పుడు కుంపట్లోంచి పటకారుతో నిప్పు కణిక తీసి అంటించుకునేవాడు. పొలంలో అయితే చెకుముకి రాయి, బూరుగుదూది. ఇవాళ నేను 69 శాతం తేమ నిలుపుతుందని రాసి ఉన్న ప్యాకెట్‌ని సిగార్ల డబ్బాలో పెట్టుకుంటున్నాను. ఆయనకి చెవే కొలమానం.

మెహిదీపట్నం_మిత్ర · మే 19, సాయంత్రం 7:45

పదును సంగతి ఎత్తారు కాబట్టి నా గోడు వినండి. హైదరాబాద్ మే నెల గాలి పొడిగా ఉంటుంది, బయట రెండు రోజులు ఉంచితే పై ఆకు పెళుసెక్కి పగిలిపోతుంది. అందుకే అలాంటి తేమ డబ్బా కొన్నాను. పోయిన ఏడాది ఒక షాపులో పది సిగార్లు కొని అందులో పెట్టి ఊరెళ్ళాను. ఇంట్లో ఏసీ లేదు. పదిహేను రోజుల తర్వాత తెరిస్తే ఆరింటికి గుండుసూది గుచ్చినట్టు బెజ్జాలు, అడుగున పిండిలాంటి పొడి. పొగాకు పురుగు. వెలిగిస్తే దమ్ము ఆ బెజ్జాల్లోంచే పోయింది. చాలా బాధేసింది, డబ్బు గురించి మాత్రమే కాదు, పుట్టినరోజుకని దాచుకున్నవి.

తర్వాత తెలుసుకున్నాను. గుడ్లు ఆకులోనే ఉంటాయి, వేడి 24, 25 డిగ్రీలు దాటాక పొదుగుతాయి. ఇప్పుడు ఏం కొన్నా ముందు జిప్ కవర్లో గాలి లేకుండా మూసి మూడు రోజులు ఫ్రీజర్లో, ఒకరోజు కింద ఫ్రిజ్‌లో, ఆ తర్వాతే డబ్బాలో. నేరుగా ఫ్రీజర్ నుంచి ఎండలోకి తీస్తే ఆకు పగులుతుంది. అలాగే తేమ మీటర్ని నమ్మేముందు ఒకసారి చూసుకోండి. సీసా మూతలో తడి ఉప్పు వేసి, మీటర్‌తో కలిపి కవర్లో ఒకరోజు ఉంచితే 75 చూపించాలి. నాది 68 చూపించింది.

సిక్కోలు_పిల్ల · మే 20, ఉదయం 8:10

నేను కాల్చను. కానీ రెండు రోజులుగా మీ మాటలు చదువుతుంటే మా నాన్నమ్మ గుర్తొచ్చి రాస్తున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా సముద్రం ఒడ్డు ఊరు. మా నాన్నమ్మ అడ్డపొగ కాల్చేది. తెలియనివాళ్ళకి చెప్తున్నాను, అడ్డపొగ అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. పెదాలు మూసి ఉంటే మనిషి చుట్ట కాలుస్తోందని కూడా తెలియదు, పొగ మాత్రం సన్నగా వచ్చేది. చేపలు తట్టలోకి ఎత్తుతూ, వల చిక్కులు తీస్తూ, మాతో మాట్లాడుతూ కూడా నోట్లోంచి తీసేది కాదు. గాలికి ఆరదు, తడి చేతులతో పట్టుకునే పని లేదు. ఆ ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళకి తల్లి నుంచి కూతురికి వచ్చిన అలవాటు అది.

ఎండాకాలం రాత్రుళ్ళు ఇసుకలో చాప వేసుకుని పక్కన పడుకుంటే ఆమె చీర కొంగుకి ఒక వాసన ఉండేది. తాటిబెల్లం పాకం అడుగంటితే వస్తుందే, అది. దానికి కొంచెం ఎండు చేప, కొంచెం ఉప్పు గాలి కలిస్తే మా నాన్నమ్మ. లంకవాసి గారూ, మీరు మాట అడిగారు కదా, నా దగ్గరున్న మాట ఇదే.

చివరి రోజుల్లో ఆమె అంగిలి అంతా తెల్లగా మందం కట్టి, మధ్యలో ఎర్రటి చుక్కలు వచ్చాయి. వేడి అన్నం నోట పెట్టలేకపోయింది. ఆ సంగతి కూడా ఇక్కడ ఉండాలనిపించింది.

చెవి_ముక్కు_గొంతు · మే 20, మధ్యాహ్నం 2:35

అమ్మా, మీరు రాసినందుకు ధన్యవాదాలు. మీరు చెప్పిన ఆ తెల్లటి అంగిలి, ఎర్ర చుక్కలు మా పాఠ్యపుస్తకాల్లో మీ జిల్లా పేరుతోనే ఉంటాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో అచ్చయింది. అడ్డపొగకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం ప్రపంచానికి బాగా తెలిసింది మీ నాన్నమ్మ లాంటి వాళ్ళ వల్లే.

మిగతావాళ్ళకి ఒక డాక్టరుగా చెప్తున్నాను. పొగ మింగకపోతే ఊపిరితిత్తులకి ముప్పు తగ్గుతుందేమో గానీ నోటికి తగ్గదు. పెదవి, నాలుక, బుగ్గ, గొంతు, అన్నవాహిక, వీటన్నిటికీ ఆ పొగ తగులుతూనే ఉంటుంది. పక్కన మందు గ్లాసు ఉంటే ముప్పు కూడిక కాదు, గుణకారం. వారానికి ఒకటి కాల్చడం, రోజుకి నాలుగు కాల్చడం సమానం కాదు, నిజమే. అయినా సున్నా కూడా కాదు. నోట్లో పుండు గానీ, తెల్ల మచ్చ గానీ మూడు వారాల్లో మానకపోతే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. లంకవాసి గారూ, మీ బాబాయి గారికి నలభై ఏళ్ళ అలవాటు అన్నారు. ఈ సెలవుల్లోనే ఒకసారి ఆయన నోరు పరీక్ష చేయించండి. ఐదు నిమిషాల పని.

మోడరేటర్ · మే 20, మధ్యాహ్నం 3:00

18 ఏళ్ళు నిండనివారు ఈ చర్చలో పాల్గొనకండి. అమ్మకాలు, కొనుగోళ్ళు ఇక్కడ వద్దు. చర్చ చాలా బాగా సాగుతోంది, కొనసాగించండి.

లంకవాసి · మే 20, రాత్రి 8:15

డాక్టర్ గారూ, తప్పకుండా చేయిస్తాను. శుక్రవారం అమలాపురంలో ఎలాగూ పని ఉంది, బాబాయిని తీసుకెళ్తాను.

రంగూన్_మనవడు · మే 21, సాయంత్రం 6:50

మా ముత్తాత కాకినాడ నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్ళాడు. మనవాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరుతో. 1942లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు కుటుంబం కొంత దూరం నడిచి, కొంత దూరం బండ్ల మీద తిరిగొచ్చింది. మా తాతకి మాత్రం బర్మా చుట్ట రుచి పోలేదు. అది మన చుట్టలా పొగాకుతోనే చుట్టరట, వేరే చెట్టు ఆకులో పొగాకు తరుగు, చెక్క తురుము కలిపి చుడతారట. "తేలిక, చలవ, సాయంత్రానికి అదే" అనేవాడు. చుట్ట రుచికి 'చలవ' అన్న మాట వాడిన మనిషిని ఆయన్నొక్కడినే చూశాను.

డాలస్_వరండా · మే 23, రాత్రి 10:40

శనివారం వచ్చింది, ఇవాళ ఇంగ్లీషు మాట వాడకూడదని నియమం పెట్టుకుని కూర్చున్నాను. డొమినికన్ సిగార్, నల్లటి పై ఆకుది. ఫోన్‌లో రాసుకున్నవి యథాతథంగా:

ఉత్త దమ్ము: మూకుడులో వేయించిన మినప్పప్పు. మొదటి పది నిమిషాలు: మిరియాల చారు, ముక్కులో ఎక్కువ, నాలుక మీద తక్కువ. తర్వాత కారం తగ్గి వేరుశనగ పొట్టు, కొంచెం వగరు, ఉసిరికాయ తిన్నాక నీళ్ళు తాగితే వచ్చే తీపి. సగం దాటాక కొత్త చెప్పుల షాపులోకి వెళ్ళినట్టు. చివర్లో కాఫీ ఫిల్టర్ అడుగున మిగిలిన పొడి, అక్కడే ఆపేశాను.

నిజం చెప్తున్నాను, ఇన్నేళ్ళుగా కాలుస్తున్నాను, ఉసిరికాయ తీపి ఇవాళే పట్టుకున్నాను. అది ముందు కూడా ఉండే ఉంటుంది. దానికి నా దగ్గర ఇంగ్లీషు పేరు లేదు కాబట్టి అది ఉన్నట్టే నాకు తెలియలేదు.

పొగాకు_మాస్టారు · మే 24, ఉదయం 5:50

ఉసిరి! చాలా సరైన మాట. మంచి మండె విప్పినప్పుడు మొదట నానబెట్టిన చింతపండు, తర్వాత పశువుల కొట్టం, చివర ఎండు ఖర్జూరం వాసన వస్తాయి. ఆ మూడోది రాకపోతే మళ్ళీ కట్టమనేవాళ్ళం.

లంకవాసి · మే 24, రాత్రి 10:05

ముందు మంచి వార్త. బాబాయి నోట్లో ఏమీ లేదన్నారు. ఏడాదికోసారి రమ్మన్నారు, రోజుకి ఒకటికి తగ్గించమన్నారు. ఆయన ఒప్పుకున్నాడు.

రేపట్నుంచి రోహిణి కార్తె. ఇవాళ ఉక్క భరించలేకుండా ఉంది. ఏడింటికి ఏటిగట్టు మీదికి వెళ్ళాం ఇద్దరం. నేను సంతలో కొన్న లంక చుట్ట తీసుకున్నాను, బాబాయికి నా రొబస్టో ఇచ్చాను. తారుమారు చేసుకున్నామన్నమాట. డాలస్ అన్న చెప్పినట్టు నిమిషానికి ఒక దమ్ము, ముందే కడుపునిండా పెరుగన్నం.

లంక చుట్ట మొదటి దమ్ముకే ఘాటు గొంతు దాకా వచ్చింది. పది నిమిషాలు ఓపిక పట్టాను. తర్వాత మెల్లగా లోపలి రుచి బయటపడింది. కాల్చిన మామిడి టెంక, ఎండిన ఏటి బురద మీద తొలి చినుకు, చివర్లో పచ్చి పసుపు కొమ్ము కొరికినట్టు ఒక చేదు. నుసి బూడిద రంగులో, గట్టిగా, అంగుళం దాకా నిలిచింది. ఒక్కసారి కూడా ఆరలేదు. గోదావరి ఒండ్రు అని మాస్టారు అన్నది కళ్ళారా చూశాను.

బాబాయి సిగార్ని సగం దాకా మాట లేకుండా కాల్చాడు. తర్వాత "కమ్మగా ఉందిరా. కారం ఉంది గానీ కరవట్లేదు. పెళ్ళివారి పాయసంలో యాలక్కాయ పంటి కింద పడ్డట్టు మధ్యమధ్యలో వస్తోంది" అన్నాడు. వారం రోజులుగా నేను వెతుకుతున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

ఆరిపోయాక పీకని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని ఆకు ఎన్ని మండెలు తిరిగిందో ఎవరినైనా కనుక్కో" అన్నాడు. మాస్టారూ, పీక చూసి చెప్పగలమా?

పొగాకు_మాస్టారు · మే 25, ఉదయం 5:40

ఎన్నిసార్లో చెప్పలేం గానీ, చాలిందో లేదో చెప్పొచ్చు. కాలని చివర విప్పి, లోపలి ఆకు ముక్క ఒకటి తీసి వెలుతురుకి పట్టండి. ఆకుపచ్చ ఛాయ ఎక్కడా ఉండకూడదు, రంగు అంతటా ఒకేలా ఉండాలి. తర్వాత అరచేతిలో నలిపి వాసన చూడండి. ముక్కుకి సూదిలా ఘాటు తగిలితే మండె చాలనట్టు.

లంకవాసి · మే 25, ఉదయం 7:25

విప్పాం. పచ్చదనం లేదు, అంతా కాఫీ గింజ రంగు. నలిపితే ఘాటు లేదు, మీరు చెప్పిన ఖర్జూరమే. బాబాయి ఆ ఆకు ముక్కని పంచె రొంటిన దోపుకుని వెళ్ళాడు, మా ఊళ్ళో చుట్టలు చుట్టే అత్తకి చూపిస్తాడట.